ఐదు నుంచి ఒకటి దాకా

"కొబ్బరికాయలండి," అన్నాడు ఆటో డ్రైవరు వెనక్కి తిరిగి, ఆ తప్పేదో తనదే అయినట్టు. "ముందెక్కడో కొబ్బరికాయల వ్యాను ఒరిగిపోయిందంటండి. వంతెనంతా కాయలేనంట. ఏరేదాకా కదిలేది లేదండి." ఇంజను ఆపేశాడు. ఇంజను ఆగగానే అప్పటిదాకా వినపడనివన్నీ వినపడ్డాయి, ఆటో టాపు రెక్సిను గాలికి టపటపా కొట్టుకోవడం, వెనకాల మోటారుసైకిళ్ళ హారన్లు, ఎంతో కింద నీళ్ళు స్తంభాలకి ఒరుసుకుంటున్న చప్పుడు. కృపారాణి గడియారం చూసుకుంది. పదీ ఇరవై. పదకొండింటికి రాజమండ్రిలో హోటలుకి వెళ్ళాలి, అక్కడ వంశీ ఉంటాడు, ఆరోన్ ఉంటాడు, హైదరాబాదు కంపెనీ నుంచి వచ్చిన మంజుష అనే అమ్మాయి ఉంటుంది, ఒకే రకం మూడు కాగితాల మీద బ్యాండువాళ్ళ మూడు సంతకాలుండాలి. వాటిలో తనది ఇప్పుడు ఒళ్ళో హ్యాండుబ్యాగులో, మడత పడకుండా అట్టల మధ్య పెట్టుకున్న కాగితం, దాని మీద ఐదు గళ్ళు. ఆ ఇద్దరితో కలిసి తను వాయించిన ఎర్రనీళ్ళు బ్యాండు ఐదు ఆల్బములు, అన్నిటికన్నా నాసిదాని నుంచి అన్నిటికన్నా మేలైనదాని వరకు వరస. కంపెనీ వాళ్ళు పాత పాటల్ని మళ్ళీ పెద్ద రికార్డులుగా వేసి ఒక పెట్టెలో పెట్టి అమ్ముతారట, పెట్టెలో నాలుగే పడతాయట, కాబట్టి వరసలో నాసిది ఏదో బ్యాండువాళ్ళే తేల్చి ముగ్గురూ సంతకాలు చెయ్యాలట. వంశీ ఆ శ్రమ ఎవరికీ లేకుండా గళ్ళన్నీ తనే నింపి పంపించాడు. కింద సంతకం పెట్టవలసిన చోట పెన్సిలుతో చిన్న టిక్కు కూడా పెట్టాడు, పరీక్ష హాల్లో ఆన్సర్ షీటు మీద ఇన్విజిలేటరు పిల్లలకి చూపించినట్టు.

ఇరవై రెండేళ్ళుగా పిల్లల ఆన్సర్ షీట్లు దిద్దుతున్న లెక్కల టీచరు తను. ఎవరో రాసిన జవాబు కింద తన పేరు పెట్టడమేంటి? నిన్న రాత్రి అన్నం ముందు కూర్చుని అనుకున్నదదే, ఇవాళ హెడ్మాస్టరు దగ్గర పూటసెలవు అడుగుతున్నప్పుడూ అదే, కానీ ఆటో ఎక్కేసరికి ఆ మాట సగానికి కుంగిపోయింది, ఎందుకంటే సంతకం పెట్టకపోతే పెట్టే ఉండదు, ఐదు పోతాయి, నాలుగు మిగలడం మంచిదా ఐదూ పోవడం మంచిదా, ఇది లెక్కే కదా, నాలుగో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. చెబుతాడా? ఆ పిల్లవాడికి ఆ ఐదోది ఏమిటో తెలియదు కాబట్టి చెబుతాడు. వంశీ రాసిన మొదటి గడిలో, నాసిదాని గడిలో, రెండే అక్షరాలు. ఉప్పు.

పక్కన కూర్చున్న పెద్దావిడ కంటికి నల్లద్దాలు, చేతిలో ఆసుపత్రి చీటీ, పేరు లోవలక్ష్మని ఎక్కేటప్పుడే చెప్పింది, శుక్లం ఆపరేషన్ అయిందట, ఇవాళ చూపించుకోవాలట. "టైముకి ఎళ్ళకపోతే డాట్రుగారు కసురుకుంటాడమ్మా," అంది ఎవరితోనో తెలియకుండా, గాలితో అన్నట్టు. కింద నుంచి రైలు వచ్చింది. వంతెన పై అంతస్తులో బళ్ళు, కింది అంతస్తులో రైళ్ళు, రైలు వెళ్తున్నంతసేపూ ఆటో సీటూ, సీటు మీద తనూ, తన ఒళ్ళో బ్యాగూ ఒకే లయలో అదురుతాయి. చిన్న అదురు కాదు, కడుపులోకి వచ్చే అదురు, బేస్ గిటారులో లావు తీగ మీటినప్పుడు తొడ మీద ఆన్చిన చెక్క అదిరే అదురు. పదహారేళ్ళయింది ఆ తీగ ముట్టి. వేలి కొసల్లో కాయలు ఎప్పుడో కరిగిపోయాయి, ఇప్పుడు చాక్‌పీసు సుద్ద అంటుకునే మెత్తటి వేళ్ళు. అయినా రైలు వెళ్ళిపోయేసరికి ఎడమచేతి వేళ్ళు బ్యాగు పట్టా మీద వాటంతటవే నొక్కుతూ కనపడ్డాయి. వాటిని ఆపలేదు. బ్యాగులోంచి కాగితం తీసి తిరగేసింది. వెనకవైపు తెల్లగా ఉంది. సరే, చూద్దాం, ఎవరి మొహమాటమూ లేకుండా, కరెక్టుగా మార్కులు వేద్దాం, తనకైనా సరే తక్కువ వస్తే తక్కువే. కింద నుంచి మొదలు. ఐదు.

ఐదు అనుకోగానే చెయ్యి ఆగలేదు, వెన్నెల ఎక్స్‌ప్రెస్ అని రాసేసింది, వంశీ గడిలో అదే ఒకటో నంబరు. జనానికి తెలిసిందీ అదే. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో వేస్తారు, స్కూలు యాన్యువల్ డేకి తొమ్మిదో తరగతి పిల్లలు దానికి డాన్సు చేస్తుంటే తను మైకు దగ్గర నిలబడి చప్పట్లు కొట్టింది, వాళ్ళకి తెలియదు అందులో ఆ కింద గుడగుడలాడేది తమ లెక్కల టీచరని. నిజానికి తను కూడా కాదు. చెన్నైలో పెద్ద స్టూడియో, అద్దాల గది, చల్లటి గాలి, అక్కడి ఇంజనీరు రెండు పాటలు తన చేత వాయింపించి, మూడోదానికి నవ్వుతూ, మేడం, మీరు రెస్టు తీసుకోండి, మిగతాది కీబోర్డులో వచ్చేస్తుంది అన్నాడు. ఆరోన్‌కీ అదే. ఆరోన్ డ్రమ్ములు ప్యాకింగు కూడా విప్పలేదు. ఇద్దరూ బయట మెట్ల మీద కూర్చుని నాలుగు రోజులు టీ తాగారు. వంశీ గొంతుకి తేనె పూసి, పంచదార పూసి, దాని మీద జీడిపప్పు అద్దారు. ఏడు పాటలూ వెన్నెల గురించే, ఒక్కదాంట్లోనూ దోమ లేదు, బురద లేదు, ఎవరికీ ఆకలి వెయ్యదు. ఇది నాసిది. అందరికీ నచ్చిందని నాసిది కాదు, అందులో ఎర్రనీళ్ళు లేవు కనక నాసిది. ఆషాఢంలో కొత్తనీరొచ్చి గోదావరి ఇదిగో ఇలా, ఇప్పుడు ఈ వంతెన కింద పారుతున్నట్టు, ఇటుకల రంగుకి తిరిగినప్పుడు పెట్టుకున్న పేరది. ఫిల్టరు నీళ్ళని పేరు మార్చుకుని ఉంటే ఆ ఆల్బముకి ఏ పేచీ లేకపోయేది.

ఫోను మోగింది. వంశీ.

"ఎక్కడున్నావు రాణీ?"

"వంతెన మీదండి. కొబ్బరికాయలు పడ్డాయండి."

"ఏంటి?"

"వ్యాను పడిందండి. ఆగిపోయాం."

"సరే, తొందరేం లేదు. సంతకం పెట్టేసి ఫొటో తీసి పంపించినా చాలు, అంత దూరం ఎందుకు నువ్వు అవస్థ పడ్డం." ఆగాడు. వెనకాల కప్పుల చప్పుడు. "చూడు, నీ మీద కోపం కాదు. ఐదిట్లో ఒకటి పోవాలి. ఎవరూ విననిది పోతుంది. అంతే. ఇందులో ఆలోచించడానికేముంది?"

"ఆరోన్ వచ్చాడాండి?"

"వచ్చాడు. ఆరోన్ పెట్టేశాడు."

పెట్టేశాడు. ఫోను ఆగిపోయాక కూడా ఆ మాట చెవిలో ఉంది. ఆరోన్ పెట్టేశాడు. ఆరోన్ ఎందుకు పెట్టడు, వంశీ ఫంక్షన్ హాల్లోనే సౌండు సెట్టు చూసుకుంటున్నాడు, ఇద్దరు ఆడపిల్లలు చదువుకుంటున్నారు, తనైనా పెట్టేదే ఆ స్థితిలో. పెట్టేదా? ఆరోన్ మీద కోపం రాలేదు, వస్తే బాగుండును, వస్తే ఒంట్లో కాస్త వేడి పుట్టేది. సరే పోనీ. నాలుగు.

నాలుగులో చెయ్యి ఆగింది. గట్టు మీద. మొట్టమొదటి క్యాసెట్టు. అప్పుడు తను బ్యాండులో లేదు, బ్యాండు ఎవరిదో తెలియదు, పంతొమ్మిదేళ్ళ పిల్ల, రాజమండ్రిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటోంది, జగన్నాథరావుగారి క్యాసెట్ల కొట్టు ముందు నుంచి నడుస్తుంటే లోపల్నించి ఎవరో తెలుగులో అరుస్తున్నారు. పాడటం కాదు, అరవటం. ఏటిగట్టు మీద సైకిలు గాలి పోయి, అమ్మ చూస్తూ ఉంటుందని, చీకటి పడిందని, మామూలు మాటలు, మాట్లాడుకునే మాటలు, వాటి వెనకాల గిటారు రంపంలా కోస్తోంది. అక్కడే నిలబడిపోయింది. చర్చి పాటల పుస్తకంలోని తెలుగు వేరు, రేడియోలో తెలుగు వేరు, ఈ తెలుగు తమ ఇంట్లోది. లోపలికి వెళ్ళి, అదేంటండి అని అడిగితే జగన్నాథరావుగారు కళ్ళజోడు పైకి తోసుకుని, "ఇక్కడే, వెనక గదిలో తీశామమ్మా. వానపడి రేకుల మీద చప్పుడు ఎక్కిపోయింది. అది వద్దనుకుంటే చెప్పు, ఇంకో కాపీ లేదు," అన్నారు. వాన చప్పుడుతోనే కొనుక్కుంది. టేపు అరిగి అరిగి, వంశీ గొంతు ముసలివాడి గొంతయిపోయేదాకా విన్నది. నాన్న చిట్టియ్య చర్చిలో గంట కొట్టేవాడు, సెలవులకి ఇంటికి తెచ్చి వినిపిస్తే మొదటి పాట అయ్యేదాకా కదలకుండా విని, "ఈ కుర్రోడికి ఎవరి మీదే అంత కోపం?" అన్నాడు, ఆ తర్వాత "మళ్ళీ పెట్టు" అన్నాడు. అంత ప్రేమ ఉంది దాని మీద. కానీ ప్రేమకి మార్కులు వెయ్యమని ఎవరూ అడగలేదు, ఆల్బముకి వెయ్యమన్నారు. రెండోవైపు పాటలు నాలుగూ ఒకటే పాట. డ్రమ్ములు పరిగెడతాయి, ఆరోన్‌కి అప్పుడు పదిహేడేళ్ళు. బేస్ వాయించినవాడికి బేస్ రాదు. ఎంత ఇష్టమైన పిల్లవాడైనా స్టెప్పులు రాయకపోతే ఆన్సరు ఒక్కదానికే మార్కులు పడతాయి. నాలుగు, గట్టు మీద. రాశాక ఆ పంతొమ్మిదేళ్ళ పిల్ల ఎక్కడో మొహం చిన్నబుచ్చుకున్నట్టయింది, ఊరుకోవే, చివరిది కాదుగా, పెట్టెలో ఉంటావు అనుకుంది.

"పరీక్ష పేపర్లామ్మా?" అంది లోవలక్ష్మి. నల్లద్దాలు కాస్త ఎత్తి తన కాగితం వైపు చూస్తోంది.

"కాదండి. పాటలండి. ఐదు క్యాసెట్లు. ఏది బాగోలేదో, ఏది బాగుందో వరసన రాయమన్నారు."

"ఎవరు పాడినియ్యి?"

"మేమేనండి."

ఆవిడ అద్దాలు పూర్తిగా తీసేసింది, ఎర్రగా నీరుకారుతున్న కంటితో తనని పైనుంచి కిందిదాకా చూసింది, నేత చీర, స్కూలు గుర్తింపు కార్డు, మోకాళ్ళ మీద గొడుగు. నవ్వుతుందనుకుంది కృపారాణి. నవ్వలేదు. "మీరు చేసింది మీరే బాగోలేదని ఎట్టా రాస్తారమ్మా?" అంది. "నేను వంటకి పోయేదాన్ని, పెళ్ళిళ్ళకి. కూర చెడితే చెడిందనేదాన్ని. చెడకుండా చెడిందన్నోణ్ణి గరిటె పెట్టి కొట్టేదాన్ని." మళ్ళీ అద్దాలు పెట్టుకుని నది వైపు తిరిగిపోయింది.

ముందు రోడ్డు మీద జనం దిగి కొబ్బరికాయలు ఏరుతున్నారు. ప్యాంట్లు మడిచిన ఆఫీసు మనుషులు, కాలేజీ అమ్మాయిలు, ఒక కాయ దొర్లుకుంటూ వచ్చి తమ ఆటో చక్రానికి తగిలింది, డ్రైవరు దిగి దాన్ని అందుకుని, మోసుకుంటూ వ్యాను వైపు వెళ్ళాడు, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు. పదీ నలభై. చెడకుండా చెడిందన్నవాణ్ణి. మరి ఉప్పు చెడిందా చెడలేదా? దాని దగ్గరికి ఇప్పుడే వెళ్ళకూడదు, అది చివర్లో తేలాలి, పరీక్షలో కష్టమైన లెక్క చివరికి వదిలెయ్యమని తనే చెబుతుంది. మిగిలినవి మూడు. ఉప్పు, లాకుల దగ్గర, ఆఖరి పంటు. వీటిలో ఏది ఒకటో తనకి తెలుసు. బ్యాండులో చేరిననాటి నుంచి తెలిసినట్టే ఉంది, అప్పటికది పుట్టకపోయినా.

లాకుల దగ్గర. ధవళేశ్వరంలో కాలువ లాకుల తలుపులు ఎత్తినప్పుడు నీళ్ళు ఒక్క క్షణం తటపటాయించి దూకుతాయి, ఆ తటపటాయింపుని పాటలో పెట్టాలని వంశీ ఆరోన్‌తో అంటుంటే, ఆరోన్, మా చర్చిలో ఒక అక్క ఉందండి, గిటారు పై తీగలు ముట్టుకోదు, లావు తీగలే వాయిస్తది అని తనని తీసుకెళ్ళాడు. భీమవరంలో వంశీ వాళ్ళ మేడ, పై గదిలో ప్రాక్టీసు. మొదటి రోజు అందరికీ స్టీలు గ్లాసుల్లో కాఫీ వచ్చింది, తనకీ ఆరోన్‌కీ కాగితపు కప్పుల్లో. ఆ రోజు తను వాయించిన వాయింపు మామూలు వాయింపు కాదు, తీగని చెక్కలోకి దించేసినట్టు వాయించింది, వంశీ పాట మధ్యలో ఆగి, ఇది, ఇదే అని అరిచాడు. వారమంతా అలాగే కాగితపు కప్పులు. ఆ తర్వాత ఒక రోజు వంశీ తల్లి బుల్లెమ్మగారు తనే పైకి వచ్చి, ట్రేలోని కప్పులు చూసి, అవి తీసుకెళ్ళిపోయి, ఇద్దరికీ స్టీలు గ్లాసుల్లో పోసి తెచ్చి చేతికిచ్చింది. ఆ రోజు నుంచి అదే. అట్ట మీద మాత్రం, క్యాసెట్టు అచ్చయి వచ్చాక, గానం వంశీ, డ్రమ్స్ ఆరోన్, బేస్ దగ్గర పేరు లేదు, స్నేహితులు అని ఉంది. నాన్న ఊళ్ళో పిల్లలకోసం పది కాపీలు కొని, వెనకవైపు బాల్‌పెన్నుతో ఒక్కోదాని మీద రాశాడు, నా కూతురు అని. ఆ కోపంతో దీన్ని కిందికి తోసెయ్యొచ్చు. తోసెయ్యదు. అట్టకి కాదు మార్కులు. తొమ్మిది పాటల్లో ఒక్కటి వృథా లేదు, లాకుల పాటలో ఆ తటపటాయింపు ఉంది, తన వేళ్ళే దాన్ని పెట్టాయి, పేరు ఎవరిది రాసుకున్నా వేళ్ళు తనవే. రెండు. లాకుల దగ్గర రెండు. గట్టిగా రాసింది, పెన్ను కాగితం అటువైపు అచ్చు దిగేలా.

ఒకటి. పంటు అంటే పడవలు కట్టి పైన బల్లలు పరిచినది, మనుషుల్నీ మోటారుసైకిళ్ళనీ గేదెల్నీ ఏరు దాటించేది. వంతెన వచ్చాక పంటు ఆగిపోయిన రేవు ఒకటి, ఆ రేవులో పంటు నడిపే ఒక సరంగు, ఆరు పాటలూ ఆ ఒక్క మనిషివే. రికార్డింగు పెట్టుకున్న వారంలోనే బుల్లెమ్మగారు పోయారు. ఇక రికార్డింగు లేదనుకున్నారు అందరూ, పన్నెండో రోజు అయిన మర్నాడు వంశీ గుండుతో, కళ్ళు ఉబ్బిపోయి, జగన్నాథరావుగారి వెనక గదిలోకి వచ్చి, మైకు ఎత్తు సరిచేసుకుని, ఆరో పాట పెట్టండి అన్నాడు. ఒకటే టేకు. మధ్యలో సరంగు రేవులో కట్టు విప్పేసి పంటుని ఖాళీగా వదిలేసే చోట అతని గొంతు పైకి లేచి, లేచి, పగలబోయి పగలకుండా నిలబడింది, అప్పుడు తను తీగ మీంచి చెయ్యి ఎత్తేసింది. కావాలనే. ఎనిమిది దెబ్బలు, కింద బేస్ లేదు, నేల లేదు, గొంతు ఒక్కటే గాలిలో. తొమ్మిదో దెబ్బకి తిరిగి అందుకుంది, దాన్ని కింద పడనివ్వలేదు. తన జన్మలో వాయించిన అన్నిటికన్నా గొప్ప ముక్క అదే, వాయించకుండా వదిలిన ఆ ఎనిమిది. పాట అయ్యాక వంశీ గోడకి తల ఆన్చుకుని నిలబడ్డాడు, "ఎలా తెలిసింది రాణీ నీకు?" అన్నాడు. తెలియలేదు, ఆవిడ చేతి గ్లాసు వేడి గుర్తొచ్చింది అంతే, కానీ అలా చెప్పలేదు, తెలియదండి అంది. వంశీ మళ్ళీ అలా పాడలేదు, ఎప్పుడూ. పాడగలనని అతనికి తెలుసు, పాడలేననీ తెలుసు. ఆ కాగితంలో అతను దాన్ని మూడులో పెట్టాడు. తన గొంతుని తనే మూడులో పెట్టుకున్నాడు! ఒకటి, ఆఖరి పంటు. ఈ మనిషి మీద ఎంత కోపమున్నా సరే, ఒకటి అదే, ఇంకెవరొచ్చి చెప్పినా మారదు, అతనొచ్చి చెప్పినా మారదు.

మిగిలింది మూడో గడి. దాంట్లో రాయవలసింది ఒకటే, ఇంక ఎంచుకోవడానికేం లేదు, లెక్క అదే తేలింది. అయినా తేలింది కదా అని రాసేస్తే ఎలా? తనది కాబట్టి ఇంకా కఠినంగా దిద్దాలి. నాలుగో పాటలో తన గొంతు శృతి తప్పింది, ఆ రోజు నూటరెండు జ్వరం, అయినా శృతి శృతే. చివరి పాట రెండు నిమిషాలు ఎక్కువ. గిటారు వాయించిన కాలేజీ కుర్రాడు భయపడుతూ వాయించాడు. ఒప్పుకుంటుంది. మరి మిగతా ఐదూ? అమ్మ సంపూర్ణమ్మ నాట్లు వేసిన చేలు ఒక్కొక్కటే రొయ్యల చెరువులయ్యాయి, చుట్టూ చెరువులు, మధ్యలో వీధి, వీధిలో నుయ్యి, ఒక ఎండాకాలం ఆ నూతి నీళ్ళతో కాచిన టీ విరిగిపోయింది. పాలు చెడ్డాయనుకుంది అమ్మ. మర్నాడు మళ్ళీ విరిగింది. మూడోనాడు నీళ్ళు నోట్లో పోసుకుని చూసి, ఉప్పు తగిలి ఉమ్మేసి, బిందె చంకనెత్తుకుని రెండు మైళ్ళవతల చేతి పంపుకి బయల్దేరింది, అరవై ఏళ్ళ మనిషి, అప్పట్నుంచి పోయేదాకా రోజూ. ఆ బిందె మీద, ఆ టీ మీద, గోడల అడుగున తెల్లగా పూసే ఉప్పు మీద ఏడు పాటలు రాసి ప్రాక్టీసుకి తీసుకెళ్తే వంశీ కాగితాలు తిరగేసి తిరగేసి, చివరికి తలెత్తి, "మా నాన్న మీద రాశావా?" అన్నాడు. వంశీ నాన్న అచ్యుతరామరాజుగారివే ఆ చెరువులు. "మా అమ్మ మీద రాశానండి," అంది తను. అదే ఆఖరి ప్రాక్టీసు. వంశీ వెళ్ళిపోయాడు, ఆరోన్ ఉండిపోయాడు. రెండు రోజుల్లో తీశారు, పాడేవాళ్ళు లేక తనే పాడింది, జగన్నాథరావుగారు కొట్టు మూసే ముందు తీసిన ఆఖరి రికార్డింగు అది. వేసిన సీడీలు సగం ఇప్పటికీ బీరువాలో చీరల కింద ఉన్నాయి. ఎవరూ వినలేదు, నిజమే. చేతి పంపు దగ్గర వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు విన్నారు, ఒకావిడ, ఇది మనదే అంది, ఇంకొకావిడ, ఇంత నెమ్మదిగా పాడావేమే, ఇంకా గట్టిగా తిట్టవలసింది అంది. అది ఒకటో నంబరు కాదు. రెండూ కాదు. మూడు. నిఖార్సైన మూడు, దయతో వేసిన మార్కు కాదు, పగతో వేసిందీ కాదు. మూడోదాన్ని చివరిదని రాసి, చివరిదాన్ని మొదటిదని రాసి, కింద నువ్వు పేరు పెట్టు అంటే పెట్టదు. పెట్టె ఉండదా? ఉండొద్దు. ఐదూ పోతాయా? పోవు, ఎక్కడికి పోతాయి, అవి పుట్టాయి కదా, పుట్టినవాటిని పెట్టెలో పెట్టకపోతే పుట్టనట్టు అయిపోతుందా? ఉప్పు, అని రాసింది మూడు ఎదురుగా. కింద పూర్తి పేరు, చిట్టియ్య గారి ఇంటిపేరుతో సహా.

బళ్ళు కదలడం మొదలైంది, కానీ నత్తలా. పదీ యాభై. డ్రైవరు వచ్చి కూర్చుని ఇంజను కొట్టాడు. ముప్పావు వంతెన దాటేసరికి మళ్ళీ ఆగింది, ఇంక ఆగలేక గొడుగు పట్టుకుని దిగిపోయింది. "ఇంకా ఉందండి చాలా దూరం," అన్నాడు డ్రైవరు. "నడుస్తానండి," అంది. ఎంతైందని అడగలేదు, చేతికొచ్చిన నోటు ఇచ్చేసింది. "రాశావా?" అంది లోవలక్ష్మి ఆటోలోంచి. "రాశానండి," అంది. నడిచింది. ఎండ, గాలి, చీర కుచ్చెళ్ళు కాళ్ళకి చుట్టుకుంటున్నాయి, నడుస్తుంటే ఊపిరి ఆడక కాదు, ఎందుకో నవ్వొస్తోంది, నలభయ్యేడేళ్ళ వయసులో వంతెన మీద ఒక్కతీ నవ్వుకుంటూ పోతున్న పంతులమ్మని చూసి మోటారుసైకిలు కుర్రాళ్ళు పక్కకి తప్పుకున్నారు.

హోటల్లో కింద హాల్లోనే కూర్చున్నారు ముగ్గురూ. వంశీ జుట్టుకి రంగు వేసుకున్నాడు, మెడ లావెక్కింది, లేచి నిలబడి కుర్చీ జరిపాడు, ఆ మర్యాద ఎప్పుడూ ఉంది. ఆరోన్ తనని చూసి తల దించుకున్నాడు. మంజుష అనే అమ్మాయి ల్యాప్‌టాప్ మూసి, నమస్తే మేడం, మీ కోసమే అంది. కృపారాణి చెమట తుడుచుకోకుండానే కాగితం తీసి, తిరగేసి, వెనకవైపు పైకి వచ్చేలా వంశీ ముందు పెట్టింది.

అతను చదివాడు. ఐదోది చదివినప్పుడు పెదాలు బిగుసుకున్నాయి. మూడోది చదివి ముక్కుతో నవ్వాడు. ఒకటి దగ్గర చాలాసేపు ఆగిపోయాడు. ఆ కాసేపు అతని మొహం ఫంక్షన్ హాలు యజమాని మొహం కాదు.

"దాన్ని ఒకటిలో పెట్టావేంటి?" అన్నాడు మెల్లగా.

"అది ఒకటి కాబట్టండి."

"మరి నువ్వు పాడింది నువ్వే మూడులో పెట్టుకున్నావు. ఆ మూడుకోసం ఇంత గొడవెందుకు రాణీ? నాలుగు రికార్డులు పోగొడతావా? మా నాన్న ఇంకా ఉన్నారు. ఎనభై ఆరేళ్ళు. ఆ పాటలు ఇప్పుడు మళ్ళీ ఊరంతా ఎందుకు వినాలి?"

"మా అమ్మ లేదండి," అంది. "అందుకని ఎవరో ఒకరు వినాలి."

మంజుష నెమ్మదిగా, ముగ్గురూ ఒకటే వరస ఇవ్వకపోతే కంపెనీ ముందుకెళ్ళదు మేడం అంది, బెదిరింపుగా కాదు, బాధగా. అలాగేనమ్మా, తెలుసు, అంది కృపారాణి. వంశీ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "ఇది నా దగ్గర ఉండనీ," అన్నాడు. "నువ్వు ఇంటికెళ్ళి నిదానంగా ఆలోచించుకో. ఇవాళ నువ్వేమీ ఇవ్వలేదు, మేమేమీ చూడలేదు."

ఆరోన్ అప్పుడు తలెత్తాడు. జేబులోకి పోయిన కాగితం వైపు చూశాడు, తన సంతకం ఉన్న ఇంకో కాగితం బల్ల మీద గ్లాసు కింద ఉంది, దాని వైపు చూశాడు. డ్రమ్ము కర్రలకి అలవాటుపడ్డ ఆ మొద్దు వేళ్ళు మోకాలి మీద ఒకసారి తట్టాయి, ఆగాయి. గ్లాసు జరిపి, ఆ కాగితం తీసుకుని, సంతకం మీద అడ్డంగా గీత గీశాడు. వంశీ వైపు చూడలేదు.

"అక్కా," అన్నాడు. "రెండు కాపీలు రాయక్కా. ఒకటి నాకు."

కృపారాణి మంజుష వైపు చెయ్యి చాపి తెల్లకాగితాలు అడిగింది. ఆ అమ్మాయి వంశీ వైపు ఒకసారి చూసి, బ్యాగులోంచి రెండు తీసి ఇచ్చింది. బల్ల మీద నీళ్ళ మరకలు చీర కొంగుతో తుడిచి, కాగితం పరిచి, పెన్ను మూత తీసి, బోర్డు మీద రాసేటప్పటిలా పైకి చెబుతూ, హాలు అవతలి కుర్చీల్లో ఉన్నవాళ్ళు కూడా తలతిప్పి చూసేంత గట్టిగా, మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టింది. ఐదు.